దయ్యం ఎదురైతే ఏం చెయ్యాలి?

వేసవి సెలవుల్లో మేడ మీద పక్కలేసుకుని పడుకునే ఇళ్ళలో పిల్లల మొదటి కోరిక, దయ్యం కథ చెప్పమని. కథ అయ్యాక రెండో కోరిక, బాత్రూమ్‌కి తోడు రమ్మని. ఈ రెండింటి మధ్య నేను చాలా ఏళ్ళుగా నలిగిపోతున్నాను. మా అక్క కొడుక్కి ఎనిమిదేళ్ళు. ప్రతి మే నెలలో దిగుతాడు. మన చింతచెట్టు దయ్యాలూ, శ్మశానం దయ్యాలూ వాడికి ఎప్పుడో అయిపోయాయి కాబట్టి జపాన్ నుంచి, రష్యా నుంచి, ఎక్కడో కరీబియన్ దీవుల నుంచి కొత్త సరుకు దింపుకోవాల్సి వచ్చింది.

అలా వెతుక్కుంటూ పోతే ఒక సంగతి అర్థమైంది. ఏ దేశపు దయ్యమైనా తనని వదిలించుకునే ఉపాయాన్ని కొంగున కట్టుకునే వస్తుంది. దయ్యాన్ని పుట్టించిన జనమే దాని మందు కూడా కనిపెట్టి పెట్టుకున్నారు. ఇంకా తమాషా ఏంటంటే దయ్యాలు వందల్లో ఉన్నా ఉపాయాలు మాత్రం ఆరో ఏడో, అంతే. గ్రీసులో పనిచేసింది ట్రినిడాడ్‌లో కూడా పనిచేస్తుంది. కాబట్టి పేర్లన్నీ బట్టీ పట్టక్కర్లేదు, ఈ కాసిని ఉపాయాలు వంటబడితే ఎక్కడికైనా ధైర్యంగా వెళ్ళొచ్చు.

నేను దయ్యాల్ని నమ్మను. అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు మాత్రం ఆ మాట పైకి అనను.

ముందు కాళ్ళు చూడండి

ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. రాత్రిపూట దారిలో తెల్లచీర కనిపిస్తే మొహం కాదు, పాదాలు చూడమని మన అమ్మమ్మలంతా చెప్పారు, పాదాలు వెనక్కి తిరిగి ఉంటే ఇక ఆలోచించేదేమీ లేదని. ఉత్తరాదిలో చుడైల్ అనేదానికీ ఇదే గుర్తు. ఇది మన దేశం వరకే అనుకున్నాను గానీ కాదు. డొమినికన్ రిపబ్లిక్ కొండల్లో సిగువాపా అని ఒకతి ఉంది, ఒళ్ళంతా కప్పేసేంత జుట్టు, పాదాలు వెనక్కే. బ్రెజిల్ అడవుల్లో కురుపీరా ఉన్నాడు, కుర్రాడిలా ఉంటాడు, ఎర్రటి జుట్టు, అతనికీ మడమలు ముందుకే. 1560లోనే జోసే దె అంషియెటా అనే జెసూట్ పాద్రీ తన ఉత్తరంలో ఈ కురుపీరా గురించి రాశాడు. అక్కడివాళ్ళు అడవిదారిలో ఈకలూ బాణాలూ కానుకగా పెట్టి, మాకు హాని చెయ్యకు బాబూ అని వేడుకునేవారట.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నేలమీద అడుగుజాడలు తూర్పు వైపు ఉన్నాయంటే అది పడమరకి వెళ్ళిందని అర్థం. అటు పోయింది కదా, మనం ఇటు పోదాం అని పడమరకి పరిగెత్తారో, తిన్నగా వెళ్ళి దాని ఒళ్ళోనే పడతారు. కురుపీరా వేటగాళ్ళని ఏమార్చేది అచ్చంగా ఇలాగే.

కొరివి దయ్యానికి కాళ్ళుండవు కాబట్టి ఈ పరీక్ష దానికి పనికిరాదు. పొలాల మధ్య దూరంగా ఒక మంట కనిపిస్తుంది, దగ్గరికి పోతే ఇంకా దూరం జరుగుతుంది. బెంగాల్ చిత్తడి నేలల్లో దీన్నే ఆలేయా అంటారు, జాలర్లు దాని వెంట పడవ నడిపి దారి తప్పుతారని చెప్పుకుంటారు. దీనికి చెయ్యాల్సింది ఒకటే, దాని వెనకాల పోకుండా ఉన్నచోట ఉండటం. చీకట్లో బురద నేలలో ఉన్నవాళ్ళకి ఇంతకన్నా మంచి సలహా ఏ ఇంజినీరూ ఇవ్వలేడు.

పిలవగానే పలక్కండి

బెంగాల్‌దే ఇంకొకటుంది, నిశి. అర్ధరాత్రి మీకు బాగా తెలిసిన గొంతుతో, అమ్మలాగో అన్నలాగో, పేరు పెట్టి పిలుస్తుంది. పలికి బయటికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనిపించరు. అయితే దానికి రెండుసార్ల కంటే ఎక్కువ పిలిచే శక్తి లేదు. అందుకే మూడోసారి పిలుపు వినిపించేదాకా నోరు విప్పకూడదు.

ఈ కథ నేను మావాడికి చెప్పాను, ఎంతో బాగా చెప్పాననుకుని మురిసిపోయాను కూడా. మర్నాడు పొద్దున మా అక్క వంటింట్లోంచి టిఫిన్‌కి పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. మంచం మీద కూర్చుని, కళ్ళు పెద్దవి చేసి, వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. మూడోసారి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి అరిచాక, "హమ్మయ్య, అమ్మే!" అని పరిగెత్తాడు. వారం రోజులు ఇదే వరస. స్కూల్లో హాజరు పిలిచినప్పుడు ఏం చేస్తాడో అని మా అక్కకి ఒకటే టెన్షన్, ఆ తిట్లన్నీ నాకే. కాబట్టి ఈ ఉపాయం చెప్పేటప్పుడు "రాత్రి పన్నెండు దాటాకే" అనే షరతు తప్పకుండా చెప్పండి.

మన దగ్గర ఇదే భయానికి చదువు తోడైంది. 1990లలో కర్ణాటకలో, బెంగుళూరు చుట్టుపక్కల, రాత్రిపూట ఒకతి తలుపు కొడుతుందని, ఇంట్లోవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని పుకారు లేచింది. జనం తలుపుల మీద "నాళె బా" అని రాసుకున్నారు, రేపు రా అని. మన ఊళ్ళలో అదే "ఓ స్త్రీ రేపు రా" అయింది. మా వీధిలో సుద్దముక్కతో రాసినవాళ్ళున్నారు, బొగ్గుతో రాసినవాళ్ళున్నారు, పెయింటుతో రాసి ఇప్పటికీ చెరపలేక అవస్థపడుతున్న ఇల్లు కూడా ఒకటుంది. దయ్యం వస్తుంది, చదువుతుంది, సరే రేపొద్దాంలే అని వెళ్ళిపోతుంది. రేపు వచ్చి చూస్తే మళ్ళీ రేపే. బాకీ వసూలుకి వచ్చినవాణ్ణి తిప్పి పంపినట్టు దయ్యాన్ని తిప్పి పంపడం అన్నమాట. దానికి చదువు వచ్చి ఉండాలి, పైగా మాట మీద నిలబడే గుణం ఉండాలి. ఈ రెండూ ఉన్న మనుషులే దొరకడం కష్టం.

బేతాళుడి సంగతి వేరు. చందమామ చదివి పెరిగినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, మౌనంగా ఉంటే శవం చేతికొస్తుంది, నోరు తెరిస్తే మళ్ళీ చెట్టెక్కుతుంది. అయితే జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగులుతుంది. అంటే ఆ దయ్యం ముందు మౌనం ఎవరికి పనికొస్తుందంటే, నిజంగా ఏమీ తెలియనివాళ్ళకి. విక్రమార్కుడికి కష్టమైంది గానీ మనలాంటివాళ్ళం మొదటి రాత్రే ఇంటికి వచ్చేసేవాళ్ళం.

లెక్కలు అప్పజెప్పండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉపాయం ఇది.

గ్రీసులో కల్లికాంట్‌జరోయ్ అనే కురచ దయ్యాలున్నాయి, నల్లగా, వెంట్రుకలతో, అల్లరి చేసే రకం. ఏడాదంతా భూమి అడుగున ఉండి, లోకాన్ని మోస్తున్న చెట్టుని రంపంతో కోస్తూ ఉంటాయి. సరిగ్గా చెట్టు తెగిపోతుందనగా క్రిస్మస్ వస్తుంది. పని మధ్యలో వదిలేసి పైకొచ్చి, డిసెంబర్ 25 నుంచి జనవరి 6 దాకా పన్నెండు రోజులు ఇళ్ళలో దూరి నానా గోల చేస్తాయి. పండగయ్యాక కిందికి పోయి చూస్తే కోసిన గాటు పూడిపోయి చెట్టు నిండుగా ఉంటుంది. మళ్ళీ మొదట్నుంచి కోత. పండక్కి సెలవు పెట్టడం వల్ల లోకం నిలబడటం అంటే ఇదే.

వీటిని ఆపడానికి గుమ్మం ముందు జల్లెడ పెడతారు. అది చూడగానే ఆ దయ్యం కూర్చుని కన్నాలు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఒకటి, రెండు... మూడు అనలేదు, ఎందుకంటే మూడు పవిత్రమైన అంకె, నోట్లోంచి వస్తే దానికి చావే. కాబట్టి మళ్ళీ ఒకటి, రెండు. తెల్లారేదాకా అంతే. నేను ఒక మామూలు బియ్యం జల్లెడ తెచ్చి మావాడి ముందు పెట్టి, నువ్వు దయ్యానివి, లెక్కపెట్టు అన్నాను. ఒకటి రెండు, ఒకటి రెండు అంటూ వాడు నవ్వి నవ్వి వెనక్కి పడ్డాడు. భయం పోగొట్టడానికి ఇంత చవకైన వస్తువు నేనింకోటి చూడలేదు.

ఇప్పుడు సముద్రాలు దాటి ట్రినిడాడ్‌కి రండి. అక్కడ సూకూయాఁ అని ఒక ముసలామె. పగలు ఊరి చివర గుడిసెలో ఒంటరిగా ఉంటుంది, రాత్రయితే ఒంటి మీద చర్మాన్ని చొక్కాలా విప్పి, మడిచి రోట్లో దాచి, నిప్పు ముద్దలా ఎగిరి తాళంచెవి కన్నంలోంచి దూరి నిద్రపోయేవాళ్ళ రక్తం తాగుతుంది. దీనికి మందు గుమ్మం ముందో నాలుగు దారులు కలిసేచోటో బియ్యం వెదజల్లడం. ఒక్కో గింజా ఏరి లెక్కపెట్టకుండా ముందుకు కదలలేదు. అంతలో తెల్లారిపోతుంది. అమెరికాలో సౌత్ కరోలైనా తీరంలో బూ హ్యాగ్ అనేదానికి చీపురు అడ్డం పెడతారు, పుల్లలు లెక్కపెట్టుకోమని. ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ పల్లెల్లో, దయ్యమై లేస్తుందని అనుమానం ఉన్న శవంతో పాటు సమాధిలో గసగసాలు పోసేవారు. గసగసాలు! ఒక గరిటెడు పోస్తే చాలు, పదితరాల దాకా బయటికి రాదు. బ్రెజిల్ కురుపీరాకి లెక్కల పిచ్చి లేదు గానీ ముడులంటే ప్రాణం, అడవితీగని చుట్టలా అల్లి కొస లోపల దాచేసి దారిలో పడేస్తే, ఆ కొస దొరికేదాకా అక్కడే కూర్చుంటాడు, మీరు ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం కూడా తినెయ్యొచ్చు.

ఇంత భయంకరమైన జీవులకి ఈ లెక్కల పిచ్చి ఎందుకంటే నాకు తోచింది ఒకటే. దాదాపు ఏ దయ్యానికైనా డ్యూటీ రాత్రివేళే, కోడి కూస్తే దిగిపోవాలి. దాన్ని చంపాల్సిన పని మనకి లేదు, పొద్దు పొడిచేదాకా కాలక్షేపం చేయిస్తే చాలు. రేపు రా అని రాయడం, జల్లెడ పెట్టడం, బియ్యం చల్లడం అన్నీ ఆ కోవలోవే.

సూకూయాఁకి ఇంకో మందు కూడా ఉంది, అది వింటే మనవాళ్ళు చప్పట్లు కొడతారు. రోట్లో దాచిన చర్మం వెతికి పట్టుకుని దానికి ఉప్పూ కారం పట్టించడమే. తిరిగొచ్చి తొడుక్కుంటే మంటకి తట్టుకోలేక అల్లాడిపోతుంది. ఫిలిప్పీన్స్‌లో మనానంగల్‌ది కూడా ఇదే బలహీనత, రాత్రి నడుం దగ్గర రెండుగా విడిపోయి పై సగం రెక్కలతో ఎగిరిపోతుంది, కింది సగం ఎక్కడో నిలబడి ఉంటుంది. ఆ కింది సగం మీద ఉప్పో వెల్లుల్లో బూడిదో వేస్తే మళ్ళీ అతుక్కోలేదు, సూర్యోదయంతో సరి. మలేసియాలో పెనంగ్గలాన్‌కి తల ఒక్కటే ఎగురుతుంది, కింద పేగులు వేలాడుతూ. బాలింతలున్న ఇంటి కిటికీలకి ముళ్ళున్న మొగలి జాతి ఆకులు కడతారు, పేగులు చిక్కుకుంటాయని. మన పల్లెల్లో బాలింత గది గుమ్మానికి వేపమండలు కట్టడం, పసిపిల్ల తలగడ కింద కొడవలో చాకో పెట్టడం చూసినవాళ్ళకి ఈ కథలు పరాయివిగా అనిపించవు. కాన్పులో తల్లీ బిడ్డా పోవడం మామూలైన రోజుల్లో ఆ భయానికి ఒక్కో ఊళ్ళో ఒక్కో రూపం వచ్చింది.

పెద్దపిల్లలుంటే ఇది కూడా చెప్పండి

పన్నెండు దాటిన పిల్లలు జల్లెడకి పడరు. వాళ్ళకి నిజంగా జరిగింది చెప్పాలి. 1725లో సెర్బియాలోని కిసిల్యెవో అనే పల్లెలో పీటర్ బ్లాగోయెవిచ్ అనే రైతు చనిపోయాడు. ఆ తర్వాత ఎనిమిది రోజుల్లో ఊళ్ళో తొమ్మిదిమంది పోయారు, రాత్రి అతనొచ్చి మా గొంతు నులిమాడని పోతూ పోతూ చెప్పారు. అప్పుడా ప్రాంతం ఆస్ట్రియా రాజధాని వియన్నా పాలనలో ఉండేది. ఊరివాళ్ళ పోరు పడలేక అధికారి దగ్గరుండి సమాధి తవ్వించాడు. శవం కుళ్ళలేదు, గడ్డం గోళ్ళూ పెరిగినట్టున్నాయి, నోటి దగ్గర తాజా రక్తం. గుండెలో కర్ర దిగ్గొట్టి కాల్చేశారు. ఆ అధికారి రాసిన నివేదిక వియన్నా పత్రికలో అచ్చయింది, అక్కణ్ణుంచి యూరప్ అంతా వాంపైర్ మాట పాకింది.

శవం పాడయ్యే తీరు తెలిస్తే ఇందులో వింత లేదు. లోపల వాయువులు పుట్టి పొట్ట ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి ఎర్రటి ద్రవం నోట్లోకి తన్నుకొస్తుంది, చర్మం వెనక్కి ముడుచుకోవడంతో గోళ్ళూ వెంట్రుకలూ పెరిగినట్టు కనిపిస్తాయి, చలినేలలో ఇదంతా నెమ్మదిగా జరుగుతుంది. ఇలా సమాధులు తవ్వే గోల ఎక్కువైపోతే ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా తన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్‌కి ఆ పని అప్పజెప్పింది. ఇదంతా మూఢనమ్మకమేనని ఆయన తేల్చాక, 1755లో శవాలని తవ్వి తీయడం, పొడవడం, కాల్చడం నిషేధించింది. ఒక దయ్యాన్ని ప్రభుత్వ ఉత్తర్వుతో ఆపారన్న మాట. మావాడికి ఇంకా చెప్పలేదు గానీ వాళ్ళ అక్కకి చెబితే, జల్లెడ కంటే ఇదే భయంగా ఉంది అంది.

మర్యాదగా ఉండండి, దణ్ణం పెట్టండి

జపాన్ నదుల్లో కప్పా ఉంటుంది. పిల్లవాడంత ఎత్తు, వీపున తాబేలు డిప్ప, నడినెత్తిన చిన్న పళ్ళెంలాంటి గుంట, అందులో నీళ్ళు. దాని బలమంతా ఆ నీళ్ళలోనే. ఏటి ఒడ్డున పిల్లల్నీ గుర్రాల్నీ లోపలికి లాగేస్తుంది. ఇంత దుర్మార్గపు జీవికి మర్యాద మాత్రం ఎక్కువ. మీరు వంగి నమస్కారం పెడితే అది కూడా వంగి ప్రతినమస్కారం చెయ్యకుండా ఉండలేదు. వంగగానే నెత్తిమీద నీళ్ళు ఒలికిపోతాయి, అది అక్కడే నీరసపడిపోతుంది. ఆ సమయంలో ఎవరైనా జాలిపడి నీళ్ళు పోస్తే జన్మంతా రుణపడి ఉంటుంది, ఎముకలు అతికే వైద్యం కప్పాలే నేర్పాయని అక్కడ కొన్ని కుటుంబాల్లో చెప్పుకునేవారు. కీరదోసకాయంటే దానికి ప్రాణం, ఈత మొదలుపెట్టే ముందు ఒక కాయ నీళ్ళలో విసిరేవాళ్ళున్నారు. జపాన్ హోటళ్ళలో కీరదోసకాయ పెట్టి చుట్టే సుషీని కప్పామకి అనడం దీనివల్లే.

నీటి దయ్యాల గురించి ఒక్క మాట. మెక్సికోలో ఏటి ఒడ్డున పిల్లల కోసం ఏడుస్తూ తిరిగే లా యోరోనా, ఇంగ్లండ్ లాంకషైర్‌లో పచ్చటి నాచు కింద పొంచి ఉండే జెన్నీ గ్రీన్‌టీత్, ఈ కప్పా, ముగ్గురూ చేసే ఉద్యోగం ఒకటే, పిల్లల్ని లోతుకి పోనివ్వకపోవడం. మీ ఊళ్ళో చెరువుంటే, పిల్లలకి ఈత రాకపోతే, ఈ కథల్లో ఉపాయం కాస్త తగ్గించి భయం కాస్త పెంచి చెప్పినా తప్పులేదు.

రష్యా అడవిలో బాబా యగా దగ్గర కూడా మర్యాదే, కాకపోతే వేరే రకం. కోడికాళ్ళ మీద గిర్రున తిరిగే గుడిసె, చుట్టూ మనిషి ఎముకల కంచె, రోట్లో కూర్చుని రోకలితో తోసుకుంటూ ఎగిరొచ్చే ముసలిది. ముందు గుడిసెతో మాట్లాడాలి, అడవి వైపు వీపు పెట్టి నా వైపు మొహం తిప్పు అని. లోపలికెళ్ళాక గడగడలాడినవాణ్ణి తినేస్తుంది. అదే, ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టకుండా, స్నానానికి నీళ్ళు పెట్టకుండా ఎవరు నువ్వు ఎందుకొచ్చావు అని అడుగుతావేంటమ్మా అని దబాయించినవాడికి నోరు మూసుకుని వడ్డిస్తుంది. చెప్పిన పని చెయ్యాలి, ఆమె ఇంటి సంగతులు ఎక్కువ ఆరా తీయకూడదు. కొత్తగా కాపురానికి వెళ్ళేవాళ్ళకి పెద్దవాళ్ళు చెప్పే జాగ్రత్తలకీ వీటికీ పెద్ద తేడా నాకు కనిపించలేదు.

తికమక పెట్టండి

1979లో జపాన్ పిల్లల్ని ఒక పుకారు వణికించింది. మొహానికి మాస్క్ కట్టుకున్న ఒకామె దారిలో ఆపి, నేను అందంగా ఉన్నానా అని అడుగుతుంది. ఉన్నావంటే మాస్క్ తీస్తుంది, నోరు చెవుల దాకా చీరి ఉంటుంది, ఇప్పుడో అంటుంది. అవునన్నా కష్టమే, కాదన్నా కష్టమే. ఈవిడ పేరు కుచిసాకె ఓన్నా. పిల్లలు గుంపులుగా ఇళ్ళకి వెళ్ళేవారు, కొన్నిచోట్ల పోలీసులు గస్తీ తిరిగారు. తప్పించుకునే దారి పిల్లలే కనిపెట్టారు, "ఏదో, పర్వాలేదు" అని చెప్పడం. ఆవిడ ఆ జవాబుకి ఏం చెయ్యాలో తెలియక ఆలోచనలో పడుతుంది, ఈలోగా పరుగు. చుట్టాలు కొత్త చీర చూపించి ఎలా ఉందని అడిగినప్పుడు కూడా ఈ జవాబు పనికొస్తుందని నేనైతే హామీ ఇవ్వలేను.

అడవిలో నడిచినచోటే నడుస్తున్నట్టు అనిపిస్తే రష్యావాళ్ళు అది లేషీ పని అంటారు. చొక్కా తిరగేసి తొడుక్కుని, కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకోవాలి. ఐర్లండ్ పల్లెల్లో కూడా పొలంలో దారి తప్పితే కోటు తిరగేసుకోమనే చెబుతారు. ఖండం ఆ చివర ఒకళ్ళు, ఈ చివర ఒకళ్ళు, ఉపాయం ఒకటే. కంగారుగా తిరిగేవాడు ఆగి, కూర్చుని, బట్టలు విప్పి మళ్ళీ తొడుక్కునేసరికి మనసు కుదుటపడుతుంది, దిక్కులు చూసుకుంటాడు. నాకైతే ఇందులో మంత్రం కంటే ఇదే ఎక్కువ కనిపిస్తుంది.

చైనా గెంతుడు శవం జియాంగ్‌షీకి మాత్రం ఊపిరి బిగపట్టాలి. చేతులు ముందుకి చాపి, కాళ్ళు జతగా గెంతుతూ వస్తుంది, మనిషిని శ్వాసతోనే పసిగడుతుంది. నుదుటి మీద పసుపుపచ్చ కాగితం మంత్రం అంటిస్తే ఆగిపోతుంది, మోకాళ్ళు వంగవు కాబట్టి ఎత్తైన గడప దాటలేదు. హునాన్‌లో పరాయిచోట చనిపోయిన కూలీల శవాల్ని పొడవాటి వెదురు గడలకి కట్టి కొండదారుల్లో రాత్రిపూట మోసుకొచ్చేవారని, గడలు ఊగినప్పుడు దూరం నుంచి శవాలు గెంతుతున్నట్టు కనిపించేదని, ఈ దయ్యం అలా పుట్టిందని ఒక వివరణ ఉంది. గడపే లేని మన అపార్ట్‌మెంట్ల సంగతేంటని మావాడి ప్రశ్న. లిఫ్ట్ ఉందిగా, గెంతక్కర్లేకుండా వచ్చేస్తుంది అన్నాను. అనకుండా ఉండాల్సింది.

గుండెల మీద కూర్చునేది

ఇది మాత్రం నిజంగా వస్తుంది, నాకూ వచ్చింది. హాస్టల్లో పరీక్షల రోజులు, రెండు రాత్రులు నిద్రలేదు, మధ్యాహ్నం వెల్లకిలా పడుకున్నాను. మెలకువ వచ్చింది, ఫ్యాన్ కనిపిస్తోంది, పక్కమంచం వాడు పుస్తకం తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది, కానీ వేలు కదలదు, నోరు పెగలదు, ఛాతీ మీద ఎవరో కూర్చున్నారు. మన దగ్గర దయ్యం ఎక్కి కూర్చుందంటారు. జపాన్‌లో కనషిబరి, లోహంతో కట్టేసినట్టు అని. టర్కీలో కరాబసాన్, నల్లగా వచ్చి నొక్కేది. కెనడా న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె. బ్రెజిల్‌లో పిసదేరా, ఇంటి కప్పు మీద కాచుకుని ఉండి, కడుపునిండా తిని వెల్లకిలా పడుకున్నవాళ్ళ పొట్ట మీద తొక్కుతుంది.

కలలొచ్చే నిద్రలో మెదడు మన కండరాలకి తాళం వేసి ఉంచుతుంది, కలలో పరిగెత్తితే మంచం మీంచి పరిగెత్తకుండా. అప్పుడప్పుడు తాళం తియ్యకముందే మెలకువ వచ్చేస్తుంది, కల కూడా ఇంకా పూర్తిగా పోదు. దీన్నే నిద్ర పక్షవాతం అంటారు, కొద్ది సెకన్లో ఒకటి రెండు నిమిషాలో ఉండి దానంతట అదే పోతుంది. వచ్చినప్పుడు మొత్తం ఒళ్ళు విదిలించాలని చూడకండి, భయం పెరుగుతుంది. ఒక్క కాలి బొటనవేలో నాలుకో కదపడం మీద మనసు పెట్టండి, ఊపిరి నెమ్మదిగా తీసుకోండి. మళ్ళీ మళ్ళీ వస్తుంటే పక్కకి తిరిగి పడుకోండి, నిద్ర వేళలు సరిచేసుకోండి, అయినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

ఇక్కడొక విషాదం ఉంది. 1970ల చివర్లో, 80లలో లావోస్ నుంచి అమెరికాకి శరణార్థులుగా వెళ్ళిన హ్మాంగ్ అనే జాతి కుటుంబాల్లో ఆరోగ్యంగా ఉన్న యువకులు నిద్రలోనే చనిపోయారు. వాళ్ళ నమ్మకంలో గుండెల మీద కూర్చునే ఆత్మ డాబ్ త్సోగ్ పని అది. తర్వాత వైద్యులు ఇలాంటి మరణాల్లో కొన్నిటిని గుండె లయ తప్పే బ్రుగాడా సిండ్రోమ్‌తో ముడిపెట్టారు. మీ ఇంట్లో చిన్న వయసులో నిద్రలో పోయినవాళ్ళుంటే దయ్యం మీదికి నెట్టేయకుండా ఒక ఈసీజీ తీయించుకోండి.

దక్షిణాఫ్రికాలో తొకొలోషీ అనే పొట్టి దయ్యం మంచం ఎక్కకుండా మంచం కోళ్ళ కింద ఇటుకలు పెడతారు. ఇది చదివాక మావాడు నాలుగు ఇటుకలు అడిగాడు. ఇవ్వలేదు.

ఏ ఉపాయమూ లేని ఒక్కటి

ఐర్లండ్ బాన్షీకి మాత్రం విరుగుడు లేదు, ఎందుకంటే అది ఏమీ చెయ్యదు. కొన్ని పాత వంశాలవాళ్ళ ఇళ్ళ దగ్గర ఎవరైనా పోయే ముందు రాత్రి వచ్చి ఏడుస్తుంది, జుట్టు దువ్వుకుంటూ. చావుని తేదు, చావు కబురు మాత్రమే తెస్తుంది. ఒకే ఒక జాగ్రత్త, దారిలో దువ్వెన కనిపిస్తే తియ్యకండి. ఎవరో తెలియక ఇంటికి తెచ్చుకుంటే రాత్రి కిటికీ దగ్గర నిలబడి ఏడ్చిందట, చేత్తో ఇవ్వకుండా పొయ్యి దగ్గరి ఇనుప పటకారుతో అందిస్తే దువ్వెన లాక్కుని పోయింది, పటకారు వెనక్కి తీసి చూస్తే వంకరపోయి ఉంది. ఈ కథ చెప్పి పటకారు దగ్గర ఆగాలి. చెయ్యి పెట్టి ఉంటే ఏమయ్యేదో మీరు చెప్పకండి, వినేవాళ్ళే చూసుకుంటారు.

చెప్పే పద్ధతి గురించి రెండు మాటలు, ఎక్కువ లేవు. దయ్యాన్ని మీ ఇంటి పెరట్లో పెట్టకండి, దాని ఊళ్ళోనే ఉంచండి, దూరం ఉంటే పిల్లలు భయాన్ని ఆనందిస్తారు. నిద్రొస్తోంది, మిగతా రేపు చెబుతా అని మధ్యలో ఆపకండి, ఉపాయం చెప్పకుండా ఆపితే ఆ రాత్రి మీకూ నిద్రుండదు. ఉపాయానికి సంబంధించిన వస్తువేదైనా ఇంట్లో ఉంటే చేతికివ్వండి, జల్లెడో, చీపురో, గుప్పెడు బియ్యమో.

మొన్న పొద్దున్నే మా అమ్మ ఇల్లంతా వెతుకుతోంది, పిండి జల్లించాలి, జల్లెడ ఏదని. చూస్తే మేడమెట్ల తలుపు ముందు, సరిగ్గా మధ్యలో, బోర్లా పెట్టి ఉంది. తీయబోతే మావాడు పక్క మీంచే గావుకేక పెట్టాడు.

"ఉంచు అమ్మమ్మా, అది ఇంకా రెండు దగ్గరే ఉంది!"